తేదీ ఏ మూలనుందో

పదకొండున్నర దాటింది. బాబాయి వాళ్ళ కమిటీ వేసిన ఎద్దుల బండలాగుడు పోస్టరు ఊళ్ళన్నీ తిరిగి మళ్ళీ నా ఫోనుకే వచ్చింది, నెత్తిన రెండు బాణాల గుర్తేసుకుని. నిద్ర పట్టనిది దానివల్ల కాదు. భోజనాల వేళ గిద్దలూరు వైపు నుంచి ఓ పెద్దాయన ఫోన్ చేశాడు. "అబ్బాయ్, కాయితం వచ్చిందిలే ఫోన్లో. ఇంతకీ రెండు పళ్ళోళ్ళకి ఏ రోజు?" పళ్ళంటే ఎద్దుల వయసు లెక్క, దాన్నిబట్టే పందేలు. కాయితం ఆయన చేతిలోనే ఉంది. చెప్పడానికి నేనూ దాన్ని తెరిచి, వేళ్ళతో లాగి పెద్దది చేసుకుని వెతుక్కున్నాను.

ఎద్దుల బండలాగుడుకి ప్రచారమంటే జనాన్ని పిలవడం అనుకుంటారు మావాళ్ళు. తిరునాళ్ళకి జనం ఎట్టాగూ వస్తారు. రావాల్సింది ఎద్దుల జతలు. లారీ బాడుగ మాట్లాడుకుని, మేతా మనుషుల్నీ ఎక్కించుకుని రెండు జిల్లాలు దాటొచ్చే రైతుకి కావాల్సినవి వేరే. పాలపళ్ళు ఏ రోజు, రెండు పళ్ళు ఏ రోజు, నాలుగు, ఆరు, సీనియర్లు ఏ రోజు. బండ బరువెంత, ఎన్ని నిమిషాలు లాగాలి, ప్రవేశ రుసుమెంత, ఎన్నో స్థానం దాకా బహుమతి ఇస్తారు. లారీ దించే చోట నీడుందా, నీళ్ళున్నాయా. పేరు ఎవరికి రాయించాలి, ఎప్పటిలోగా. ఇవన్నీ మా పోస్టరులో లేకపోలేదు. అడుగున, పసుపు రంగు మీద తెలుపు అక్షరాలతో, చీమల బారులాగా ఉన్నాయి. పైన ముప్పై రెండు ఫొటోలు. అందులో ఒకాయన రెండుసార్లు ఉన్నాడు, దాతగా ఒకసారి, ఆహ్వానితుడిగా ఒకసారి.

తప్పు డీటీపీ అబ్బాయిది కాదు. అతను పన్నెండడుగుల ఫ్లెక్సీకి చేశాడు. రోడ్డు పక్కన అది బాగానే ఉంటుంది. అదే ఫైలుని వాట్సాప్‌లో తోసింది మనవాళ్ళు. ప్రింటింగు కోసం సీఎంవైకే రంగుల్లో దాచిన జేపెగ్గు కొన్ని ఫోన్లలో రంగులు చెడి, కళ్ళల్లో కారం కొట్టినట్టు కనిపిస్తుంది. ఫోనుకి పంపేది తెర రంగులైన ఆర్జీబీలోకి మార్చి విడిగా దాచాలి. మామూలుగా పంపితే వాట్సాప్ బొమ్మని నలిపేస్తుంది, చిన్న అక్షరాలు అలికినట్టవుతాయి. హెచ్‌డీ నొక్కాలి, లేదంటే డాక్యుమెంటుగా పంపాలి. ఇంకో తంటా వత్తులు. ఫొటోషాప్‌లో యూనికోడ్ తెలుగు పెట్టేటప్పుడు వరల్డ్ రెడీ లేఅవుట్ అనే సెట్టింగు ఎంచుకోకపోతే వత్తులు విడిపోయి పక్కకొచ్చి కూర్చుంటాయి. ఆ బాధ పడలేకే చాలామంది యూనికోడ్ కాని పాత అను ఫాంట్లు వదలరు. ఆ అక్షరాల్ని కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే పిచ్చిగీతలు వస్తాయి. అందుకని బొమ్మ కింద వివరాలన్నీ మళ్ళీ టైపు చెయ్యాలి. ఈ పనంటే అందరికీ బద్ధకం. ఆ పది లైన్లే అసలు ప్రచారం. వెతికితే దొరుకుతాయి, నంబరు నొక్కితే ఫోన్ పోతుంది.

గోడ పోస్టర్ల రోజుల్లో ఈ గొడవ ఉండేది కాదు. ఒక రంగు, రెండు సైజుల అక్షరాలు. ఎద్దుల బొమ్మ ఒక అచ్చు ఉండేది ప్రెస్సులో, ఏ ఊరి పందేనికైనా అదే జత. ఫొటో అచ్చు వెయ్యాలంటే బ్లాకు చేయించాలి, దానికి డబ్బులవుతాయి గనక మొహాలు ఉండేవి కావు. తేదీ మాత్రం బారెడు. మైదా పిండిని ముందు చన్నీళ్ళలో ఉండ కట్టకుండా కలిపి, మరిగే నీళ్ళలో పోసి, పొయ్యి దించకుండా తిప్పుతూ ఉంటే తెల్లపిండి కాస్తా గాజులాగా మెరిసే బంకవుతుంది. అప్పుడు చిటికెడు మైలుతుత్తం. అది మరిస్తే పురుగన్నా పడుతుంది, పశువులన్నా గోడ నాకి కాయితం పీక్కు తింటాయి. ఎద్దుల పందెం పోస్టరుని ఎద్దులే తినేస్తే ఇంకేం ప్రచారం! తెల్లారుజామున అంటించేవాళ్ళు. ఎండెక్కాక అంటిస్తే బంక పట్టేలోపే ఆరిపోయి అంచులు లేస్తాయి. గోడకి ఒక పూత, కాయితం మీద ఇంకో పూత. వాన పడిందా, మళ్ళీ మొదటికే. ఆ బంక వాసన ఇప్పటికీ...

సరే, ఎక్కడికో పోయాను.

ఇంతసేపూ ఫొటోల్ని తిట్టాను గానీ, ఇందాక బాబాయి ఫోన్లో స్టేటస్‌లు చూస్తుంటే నా మాట నాకే తేడా కొట్టింది. పోస్టరు పెట్టినవాళ్ళంతా పోస్టరులో మొహం ఉన్నవాళ్ళే. వాళ్ళ అల్లుళ్ళు, బావమరుదులు. మొహం లేని మొదటి డ్రాఫ్టుని కమిటీ బయట ఒక్కడూ పెట్టలేదు. అంటే ఆ ముప్పై రెండు ఫొటోలు అలంకారం కాదు, మోతకూలీ. ఒప్పుకోక తప్పదు. అయితే రెండు పోస్టర్లు చెయ్యాలి. మొహాలది స్టేటస్‌కి, నిలువుగా 1080కి 1920. తేదీ మధ్యలోనే ఉండాలి, అడుగున పెడితే పేర్లూ బటన్లూ కప్పేస్తాయి. రైతులకి ఇంకోటి, తెల్లకాయితం మీద నల్లక్షరాలు, మొహం ఒక్కటి లేకుండా. స్టేటస్ బతికేది 24 గంటలే కాబట్టి అందరూ ఒకేరోజు పెడితే మర్నాటికి ఊరంతా నిశ్శబ్దం. రోజుకి నలుగురైదుగురి చొప్పున పంచుకుంటే తిరునాళ్ళ దాకా నడుస్తుంది.

రెండు బాణాల సంగతి కూడా బాబాయికి ఎక్కడం లేదు. ఒక మెసేజి చేతులు మారి మారి వస్తే వాట్సాప్ దానికి ఆ గుర్తేసి, ఆపైన ఒక్కసారికి ఒక్కరికే పంపనిస్తుంది. బొమ్మని గ్యాలరీలోకి దించి కొత్తగా పంపితే ఆ లెక్క మళ్ళీ మొదలు. బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మంది పడతారు గానీ, మన నంబరు వాళ్ళ ఫోన్లో దాచుకున్నవాళ్ళకే అందుతుంది. పోయినేడు జతలు తెచ్చిన రైతులకి ముందు ఫోన్ చేసి "నంబరు దాచుకో అన్నా" అనాలి. తెలియని నంబర్లకి వందల కొద్దీ పంపితే నాలుగు రిపోర్టులకి నంబరే మూసేస్తారు.

లొకేషను ఇంకో తలనొప్పి. మావాడు లైవ్ లొకేషను పంపాడు. అది మహా అయితే ఎనిమిది గంటలకి చచ్చిపోతుంది. బరి దగ్గర నిలబడి మామూలు పిన్ను పంపాలి, పక్కన "లారీలు కాలవ కట్ట మీదుగా రావద్దు" అని రాయాలి, మ్యాప్ అటే తోలుతుంది కాబట్టి.

యూట్యూబ్ లైవ్ గురించి రేపు పోట్లాడదాం. కొత్త ఛానెల్లో మొదటిసారి లైవ్ తెరవడానికి 24 గంటల దాకా పట్టొచ్చు, ఫోన్ నుంచైతే 50 మంది సబ్‌స్క్రైబర్లుండాలి. ఆ పూట పొద్దున తెరుద్దామంటే కుదరదు. మైకులో సినిమా పాటలు మోగితే కాపీరైటు పేరుతో ఆపేస్తారు, డప్పులు చాలు. రీలుకి మటుకు చర్నాకోల ఝుళిపించే ముక్క వద్దని గట్టిగా చెప్పాను. బండ కదిలే క్షణం, గిట్టల కింద లేచే దుమ్ము, అంతే.

పేర్లు రాసుకున్న పుస్తకంలో లెక్కేస్తే జతలవాళ్ళలో పదకొండు మందికి కీప్యాడ్ ఫోన్లే. వాళ్ళకి పొద్దున ఐదింటికే ఫోన్ చెయ్యాలి. ఆరు దాటితే ఎద్దుల్ని సాధనకి తోలుకుపోతారు, ఫోన్ ఎత్తరు.