మూడోసారి పోసిన నీళ్లు

మొదటిసారి లాంగ్‌జింగ్ గ్రీన్ టీని మన టీలాగే మరుగుతున్న నీళ్లలో పడేశాను. అచ్చం కాకరకాయ కషాయం! తప్పు ఆకుది కాదు, నాది. చైనాలోని హాంగ్‌జౌ వైపు పెనం మీద అణిచి వేయించే ఆ లేత ఆకుకు 80 డిగ్రీల వేడి చాలు. రెండో ప్రయత్నంలో దోరగా వేయించిన పెసరపప్పు వాసన వచ్చింది.

గ్రీన్ టీకీ, మన నల్ల టీకీ మధ్య రకమైన ఊలాంగ్ తీరు వేరు. ఫుజియాన్‌లోని అన్‌షీ ప్రాంతపు తియెగ్వాన్‌యిన్ ఆకు గట్టి ఉండలుగా చుట్టి ఉంటుంది. 5 గ్రాములు, 100 మిల్లీలీటర్ల మరిగిన నీళ్లు, అర నిమిషం. అదే ఆకు మీద మూడోసారి నీళ్లు పోసేసరికి ఉండలన్నీ విచ్చుకుని గిన్నె నిండిపోయింది. ఏదో పూల పరిమళం, సంపెంగకు దగ్గరగా. (అన్నట్టు, ఆ ఆకులు పారేయబుద్ధి కాలేదు.)

అమ్మ ఒక గుక్క తాగి, "ఇవి వేన్నీళ్లు కదరా, పాలేవి?" అంది. ఐదోసారి వంపినప్పుడు గ్లాసు ముందుకు జరిపింది కూడా ఆమే.