చీమ కుట్టినట్టే

ఇంగ్లండ్‌లో పిల్లల వార్డులో నర్సుగా చేరిన మొదటి నెలలోనే మాట పడ్డాను. నాలుగేళ్ల పాపకు క్యాన్యులా, అంటే మందు ఎక్కించడానికి నరంలో పెట్టే సన్నటి గొట్టం, పెట్టాలి. కడపలో ఆరేళ్లు చేసిన పనే కదా అని చెయ్యి ఒడిసి పట్టుకుని, "ఏం కాదు, చీమ కుట్టినట్టే ఉంటుంది" అన్నాను. సీనియర్ నర్సు నన్ను పక్కకు పిలిచింది. "అంత గట్టిగా పట్టుకున్నది పాప కోసమా, పని తొందరగా అయిపోవాలనా? నొప్పి ఉండదని అబద్ధం చెబితే రేపు నిన్ను నమ్ముతుందా?"

తర్వాత పాప చేతికి తిమ్మిరెక్కించే క్రీమ్ రాసి, పైన పలచటి ప్లాస్టర్ అంటించి, గంటసేపు ఆగారు. ఒకామె సబ్బు బుడగలు ఊదుతూ కూర్చుంది. ఒక బుడగ వచ్చి మోకాలి మీద వాలితే పాప ఊపిరి బిగబట్టి దాన్నే చూసింది. సూది దిగినప్పుడు మొహం చిట్లించిందంతే.

ఆ రాత్రి రూములో ఏడ్చాను. మా వాళ్లకు పిల్లలంటే ప్రేమ లేకనా? వార్డు నిండా పిల్లలు, ఒక్క నర్సు, ఊరి బస్సు వెళ్లిపోతుందని తల్లుల టెన్షన్. గంట ఆగేదెక్కడ? అయినా 1980ల దాకా ఆ దేశాల్లోనే పసిగుడ్లకు చాలినంత మత్తు ఇవ్వకుండా ఆపరేషన్లు చేసేవాళ్లు. నెలలు నిండని పిల్లలకు నొప్పి తెలియకుండా మందిస్తే ఆపరేషన్ తర్వాత మెరుగ్గా ఉంటారని ఆక్స్‌ఫర్డ్‌లో పరిశోధించి, 1987లో చూపించిన కన్వల్‌జీత్ ఆనంద్ మన దేశంలో డాక్టరీ చదివినవాడే.

ఇవన్నీ నాకు నేను చెప్పుకున్నాను. కానీ తెల్లకోటు కనబడితే చాలు, తల్లి కొంగులో దూరే పిల్లలు గుర్తొచ్చి నిద్ర పట్టలేదు. వాళ్లలో నేను ఒడిసి పట్టుకున్నవాళ్లు ఎందరో.

మొన్న సెలవుకు వచ్చినప్పుడు చెల్లెలి కొడుక్కి 14 వారాల టీకాలు. మా ఊరి సెంటర్లో నర్సమ్మ సిరంజి తీస్తూనే, "పాలు తాపుతా ఉండమ్మీ, నోట్లోంచి తియ్యొద్దు" అంది. క్రీమ్ లేదు, బుడగలు లేవు, పైసా ఖర్చు లేదు. వాడు కెవ్వుమని రెండు ఏడుపులు ఏడ్చి, మళ్లీ రొమ్ము అందుకున్నాడు. పిడికిట్లో వాళ్లమ్మ గాజు అలాగే ఉంది.

రెండో సూదికి అలవాటుగా వాడి కాళ్లు నొక్కి పట్టబోయాను. "నువ్వు చెయ్యి తియ్యమ్మీ, తల్లి పట్టుకుందిలే" అంది నర్సమ్మ.