ఆరుద్ర కార్తె, జామ కొమ్మ, కొబ్బరి మొద్దు

బీర గింజ నానేసి నాటాలా, పొడి గింజే పెట్టాలా అని పొద్దున్నే మా దొడ్లో పెద్ద చర్చ. రాత్రంతా నానిన గింజయితేనే తొందరగా మొలుస్తుందని ఎదురింటి మామ్మగారి మాట. పక్కింటి తాతగారు ఒప్పుకోలేదు. "ఆరుద్ర కార్తెలో నేలే తడిసి ముద్దయిపోయుంటే మళ్ళీ నానేయడమేంటండీ, కుళ్ళిపోద్ది" అన్నారు. ఇద్దరూ ఊహ తెలిసినప్పటి నుంచీ పాదులు పెడుతున్నవాళ్ళే. ఎవరి మాట తీసేయగలం? మా పెద్దది ఇద్దరి మొహాలూ చూసి, "అయితే ఒక వరస మామ్మగారిది, ఒక వరస తాతగారిది" అంది. రెండు పుల్లలు తెచ్చి, పేర్లు రాసి గుచ్చేసింది. ఏ వరసలో ముందు మొలకొస్తుందో, ఎన్ని గింజలు మొలుస్తాయో రోజూ చూసి పుస్తకంలో రాసుకుంటుందట. మామ్మగారు నవ్వేశారు. తాతగారు మాత్రం తన వరసకి తనే మట్టి కప్పి మరీ లేచారు.

ఈ మధ్యలో చిన్నాడికి కార్తెల మీద అనుమానం వచ్చింది. ఏడాదికి ఇరవై ఏడు కార్తెలని మామ్మగారు చెప్పగానే 365ని 27తో భాగించాడు. పదమూడున్నర వచ్చింది. అందుకే ఒక కార్తె పదమూడు రోజులు, ఇంకోటి పద్నాలుగు రోజులు ఉంటుందని వాడంతట వాడే కనిపెట్టేసరికి నాకెంత సంతోషమైందో!

పిల్లల్ని ఇంట్లోనే చదివించాలని అనుకున్నప్పటి నుంచీ నాకు ఒకటే బెంగ. చుట్టాలు అడిగే పరీక్షల సంగతి కాదది. ఎన్‌ఐఓఎస్ అనే, బడికి వెళ్ళకుండానే పరీక్షలు రాయనిచ్చే జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ వాళ్ళ ప్రాథమిక విద్యలో ఎ, బి, సి అని మూడు స్థాయిలున్నాయి. అవి మూడు, ఐదు, ఎనిమిది తరగతులతో సమానం కాబట్టి దానికి దారి ఉంది. నా బెంగల్లా పిల్లలు రోజంతా వినేది నా ఒక్కదాని గొంతే కదా అని. బడిలో అయితే లెక్కలకొకరు, తెలుగుకొకరు ఉంటారు. పెద్దవాళ్ళు కూడా ఒకరి మాట ఒకరు కాదంటారని పిల్లలకి తెలుస్తుంది. ఇంట్లో అమ్మ చెప్పిందే వేదం. అలా పెరగడం మంచిది కాదని నా గట్టి నమ్మకం. దొడ్లో పని మొదలుపెట్టాక ఆ బెంగ చాలావరకు తగ్గింది. ఈ ఆలమూరు పక్క పల్లెల్లో మొక్క గురించి ఏదో ఒకటి తెలియని మనిషి ఉండరు. ఇద్దరికి తెలిసింది ఒకటే అయ్యుండదు కూడా!

గింజలయ్యాక తాతగారు మూరెడు లోతు గొయ్యి తీయించి బకెట్టుడు నీళ్ళు పోయించారు. మాది ఒండ్రు నేల, తొందరగా ఇంకనివ్వదు. పిల్లలు గడియారం పట్టుకు కూర్చుంటే అరగంటకి సగం కూడా దిగలేదు. "చూశారా, మడి ఎత్తుగా పోయకపోతే వేళ్ళకి ఊపిరాడదు" అన్నారాయన. ఈ నేలకి కాలువ నీళ్ళెక్కడివని అడిగితే ఆయన మాట ధవళేశ్వరం దాకా వెళ్ళింది. అక్కడ గోదావరి మీద కాటన్ దొర కట్టించిన ఆనకట్ట 1852లో పూర్తయింది. అంతకుముందు ఈ డెల్టాలో ఒక ఏడు వరద, ఒక ఏడు కరువుగా ఉండేదట.

డ్వాక్రా సంఘంలో ప్రకృతి వ్యవసాయం నేర్చుకున్న వదిన వచ్చి, మొక్కలకి ఎరువుగా పోసే జీవామృతం కలిపించింది. ఆవిడ లెక్క 200 లీటర్ల డ్రమ్ముది. పది కిలోల పేడ, పది లీటర్ల మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి. మా దగ్గరున్నది ఇరవై లీటర్ల బకెట్టు. అన్నిటినీ పదోవంతు చేయడం చిన్నాడి పని. బెల్లం 200 గ్రాములని తూచి తెచ్చాడు. చేతులు కంపు కొడుతున్నా మొహం తిప్పుకోలేదు.

ఇవాళ మేలైన పాఠం మధ్యాహ్నం దొరికింది. కడియం నర్సరీల్లో అంట్లు కట్టే పిన్నికి సెలవు. భోజనమయ్యాక వచ్చి మా జామచెట్టు దగ్గర నిలబడింది. పెన్సిలంత లావు కొమ్మ ఎంచుకుని, చాకుతో అంగుళం వెడల్పున చుట్టూ బెరడు ఒలిచింది. ఒలిచిన చోట జిగురు కూడా గీకేసింది. అది మిగిలితే బెరడు మళ్ళీ కలిసిపోతుందట. నానిన నాచు పిండి, గుండ్రంగా పెట్టి, పాలిథిన్ కాగితం చుట్టి, పైనా కిందా పురికోసతో బిగించింది.

"తోలు తీసేస్తే వాడిపోదా పిన్నీ?" అంది పెద్దది.

"వాడదమ్మా. నీళ్ళు కర్రలోంచి పైకెళ్తాయి, దాన్ని మనం ముట్టుకోలేదుగా. ఆకు వండిన తిండి బెరడులోంచి కిందకి దిగుతాది. ఆ దారి కోసేశాం. తిండి ఇక్కడే ఆగిపోద్ది. ఆగిన చోటే వేళ్ళొస్తాయి."

ఎంత పెద్ద సంగతిని ఎంత సులువుగా చెప్పిందో! నేను పుస్తకంలో బొమ్మ వేసి బాణం గుర్తులు పెట్టి చెప్పినా ఇంత బాగా ఎక్కేది కాదు. ఇలాంటి మనిషిని ఎవరూ టీచరని పిలవరు. పిలవాలి. పిల్లలచేత చెరో కొమ్మకీ కట్టించింది కూడా. కాగితంలోంచి వేళ్ళు తెల్లగా కనపడ్డాకే కొమ్మ కోయాలట. నెల దాటుతుందట.

సరిగ్గా అప్పుడే కొబ్బరికాయల దింపు కోసం బాబాయ్ వచ్చాడు. చిన్నాడు ఆయన వెంటపడి, "బాబాయ్, కొబ్బరికి కూడా ఇలా అంటు కట్టచ్చా?" అన్నాడు. బాబాయ్ నవ్వలేదు, విసుక్కోలేదు. వాణ్ణి చెయ్యి పట్టుకుని పోయినేడు గాలికి పడితే కోయించిన కొబ్బరి మొద్దు దగ్గరకి తీసుకెళ్ళాడు. "దీనికి ఒలవడానికి బెరడేదిరా? కోసిన చోట చూడు" అన్నాడు. మొద్దు నిండా చుక్కలే. ఒక్కో చుక్కా ఒక్కో నార. జామలో తిండి దారి బెరడులో ఉంటే, కొబ్బరిలో నీటి దారీ తిండి దారీ కలిసి ఆ నారల్లోనే మాను నిండా చెదిరి ఉంటాయి. కాబట్టి చుట్టూ ఒలిచి ఆపడానికి వీల్లేదు. అరటీ, వరీ, వెదురూ ఈ కోవలోవేనని నేను అందించాను. చిన్నాడు పరిగెత్తి అరటి బోదె ముక్క తెచ్చి పక్కన పెట్టి చూశాడు. పిన్నికి తెలిసిన సగం, బాబాయ్‌కి తెలిసిన సగం కలిస్తే పాఠం పూర్తయింది. వాళ్ళిద్దరూ మొద్దు దగ్గర నిలబడి ఒకరినొకరు ప్రశ్నలు వేసుకుంటుంటే పిల్లలు నోరెళ్ళబెట్టి విన్నారు.

రాత్రి పెద్దది పుస్తకంలో జామ కొమ్మనీ కొబ్బరి మొద్దునీ పక్కపక్కనే వేసుకుంది. కరివేపాకుకీ మందారానికీ బెరడు ఒలుస్తుందో లేదో రేపు గోటితో గీకి చూస్తుందట. అరటికి పిలకలెందుకొస్తాయని చిన్నాడి ప్రశ్న. దానికి రావులపాలెం గెలల మార్కెట్‌కి వెళ్ళొచ్చే రైతు ఒకాయన ఉన్నారు, ఆదివారం తీసుకెళ్ళాలి. జీవామృతం రేపంతా నీడలోనే ఉండాలి. పొద్దున కలపడం చిన్నాడి వంతు, సాయంత్రం పెద్దదాని వంతు.