మా ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకు కొత్తవాళ్లు రావడానికి ఏం చేశామంటే

క్యాలెండర్ ఫైళ్లను చదివి రాసే ఒక చిన్న పైథాన్ లైబ్రరీకి నేను మెయింటెయినర్ని, అంటే దాని బాగోగులు చూసేవాణ్ని. వాడేవాళ్లు బాగానే ఉన్నారు, బగ్గులు చెప్పేవాళ్లకూ కొదవ లేదు. కోడ్ రాయడానికి వచ్చినవాళ్లే నిలబడేవాళ్లు కాదు. ఇష్యూ (బగ్ గురించో, చేయాల్సిన పని గురించో పెట్టే పోస్టు) కింద "నేను ట్రై చేస్తాను" అని రాసేవారు, ఆ తర్వాత ఉలుకూ పలుకూ ఉండేది కాదు. టైమ్‌జోన్లు, రిపీట్ అయ్యే ఈవెంట్లు ఎవరికైనా తలనొప్పే కాబట్టి కోడ్ చూసి భయపడుతున్నారని అనుకునేవాణ్ని. నిజానికి చాలామంది కోడ్ దాకా రానే లేదు.

పైథాన్ బాగా తెలిసి, మా ప్రాజెక్టు ఎప్పుడూ చూడని ఒక ఫ్రెండ్‌ని అడిగాను: స్క్రీన్ షేర్ చేసి, రీడ్‌మీలో (ప్రాజెక్టును పరిచయం చేసే ఫైలులో) ఉన్నది ఉన్నట్టు చేస్తూ టెస్టులు రన్ చేసి చూపించమని. నేను మాత్రం నోరు మెదపకూడదు. ఆ పని ఎంత కష్టమో చేస్తేగానీ తెలియదు. తను విండోస్ మీద ఉంది. ఇన్‌స్టాల్ అయింది, టెస్టులు మొదలయ్యాయి, తెర నిండా ఎర్ర గీతలు. కారణం చిన్నదే. పైథాన్ 3.9తో వచ్చిన జోన్‌ఇన్ఫో మాడ్యూల్ టైమ్‌జోన్ డేటాను ఆపరేటింగ్ సిస్టమ్ నుంచి తీసుకుంటుంది. లినక్స్‌లో, మ్యాక్‌లో అది మామూలుగా ఉంటుంది. విండోస్‌లో ఆ డేటా ఉండదు, టీజెడ్‌డేటా అనే ప్యాకేజీ విడిగా వేసుకోవాలి. మేమంతా లినక్స్ వాళ్లం, ఈ సంగతి ఎక్కడా రాయలేదు. బయటి మనిషికి అది తన తప్పులాగే కనిపిస్తుంది. మా ఫ్రెండ్ కూడా మొదట అడిగింది "నేనేమైనా తప్పు చేశానా?" అనే.

ఆ ప్యాకేజీని డెవలప్‌మెంట్ డిపెండెన్సీల్లో చేర్చడం ఒక్క లైను పని. ఇంకోటి మాత్రం చాలా సతాయించింది. క్యాలెండర్ ఫైళ్లు ఎలా ఉండాలో చెప్పే ఐక్యాలెండర్ స్టాండర్డ్, అంటే 2009 నాటి ఆర్‌ఎఫ్‌సీ 5545 అనే పత్రం, ప్రతి లైను చివర సీఆర్, ఎల్‌ఎఫ్ అనే కంటికి కనిపించని గుర్తులు రెండూ ఉండాలంటుంది. విండోస్‌లో గిట్ (కోడ్ మార్పులను నమోదు చేసే టూల్) ఆటో సీఆర్‌ఎల్‌ఎఫ్ సెట్టింగ్ ఆన్‌లో ఉంటే, కొత్తగా చేర్చిన శాంపిల్ ఫైలును కమిట్ (నమోదు) చేసేటప్పుడు సీఆర్‌ను తీసేస్తుంది. రాసినవాళ్ల మెషీన్‌లో టెస్టు పాస్ అవుతుంది, మా సీఐలో (పంపిన ప్రతి మార్పుకూ టెస్టులు దానంతటది నడిపే ఏర్పాటులో) లినక్స్ మీద ఫెయిల్ అవుతుంది. కారణం కంటికి కనిపించదు, ఎందుకంటే పాత, కొత్త కోడ్ తేడా చూపే డిఫ్‌లో అంతా సరిగ్గానే ఉంటుంది. ఇలాంటి పుల్ రిక్వెస్టులు (తమ మార్పును ప్రాజెక్టులో కలపమని పంపేవి) కొన్ని మధ్యలోనే ఆగిపోయాయి. గిట్ ఆట్రిబ్యూట్స్ ఫైలులో క్యాలెండర్ ఎక్స్‌టెన్షన్ ఉన్న ఫైళ్లను ముట్టుకోవద్దని ఒక లైను రాశాక ఆ గోల వదిలింది.

అప్పటిదాకా మా కంట్రిబ్యూటింగ్ ఫైలు (కోడ్ పంపేవాళ్లకు సూచనలు) పెద్ద ఉపన్యాసంలా ఉండేది. బ్రాంచ్ పేరు ఎలా పెట్టాలి, కమిట్ మెసేజ్ ఏ కాలంలో రాయాలి, కోట్ గుర్తులు ఏవి వాడాలి. చాలావరకు కొట్టేశాం. ఫార్మాటింగ్ పని రఫ్ అనే టూల్‌కి అప్పగించి, కమిట్‌కు ముందే దానంతటది నడిచేలా ప్రీ-కమిట్‌లో పెట్టేశాం. మెషీన్ చెప్పగలిగింది మనిషితో చెప్పించకూడదని నా అభిప్రాయం. మొదటిసారి వచ్చినవాళ్లకు అందే మొదటి కామెంట్ స్పేసుల గురించి అయితే రెండోసారి ఎందుకొస్తారు? ఫైలులో ఇప్పుడు మిగిలింది సెటప్ కమాండ్లు, ఒకే ఒక టెస్టు విడిగా రన్ చేసే పద్ధతి, ఏ ఫోల్డర్‌లో ఏముందో నాలుగు మాటలు, ఎక్కడైనా ఆగిపోతే సగం చేసిన పనినే డ్రాఫ్ట్‌గా పంపమన్న మాట. ప్రవర్తనా నియమావళికి కంట్రిబ్యూటర్ కవెనెంట్ అనే రెడీమేడ్ పాఠాన్నే తీసుకున్నాం, ఫిర్యాదు వస్తే నిజంగా చదివే మనిషి మెయిల్ ఐడీ పెట్టాం.

కొత్తవాళ్లకు తగిన పని అని చెప్పే "గుడ్ ఫస్ట్ ఇష్యూ" లేబుల్ మీద నాకు అంత నమ్మకం లేదు. లేబుల్ తగిలించడం తేలిక, దాని కింద సరిగ్గా రాయడమే కష్టం. ఉదాహరణకు, ఆర్‌ఎఫ్‌సీ ప్రకారం ఒక లైను 75 బైట్లు దాటకూడదు, దాటితే విరిచి కింది లైనులో కొనసాగించాలి. అక్షరాలను బైట్లుగా మార్చే యూటీఎఫ్-8 పద్ధతిలో కొన్ని అక్షరాలు 3 బైట్లు తీసుకుంటాయి కాబట్టి మా కోడ్ ఒక్కోసారి అక్షరాన్ని మధ్యలో విరిచేసేది. నేనే చేస్తే టీ తాగేలోపు అయిపోయే పని. ఏ ఫంక్షన్ చూడాలి, ఏ ఇన్‌పుట్ ఇస్తే తప్పు కనిపిస్తుంది, ఏ టెస్టు రాస్తే పూర్తయినట్టు అని వివరంగా రాయడానికి అంతకంటే ఎక్కువ టైమ్ పట్టింది. అయినా అలా రాసినవాటికే మనుషులు దొరికారు. "డాక్యుమెంటేషన్ మెరుగుపరచాలి" లాంటి ఇష్యూలు ఏళ్ల తరబడి అలాగే పడి ఉన్నాయి, లేబుల్ ఉన్నా సరే.

"నాకు అసైన్ చేయండి" అనే కామెంట్లకు అసైన్ చేయడం మానేశాం. పేరు తగిలించుకుని మాయమైతే మిగతావాళ్లు ఆ ఇష్యూ జోలికి రారు. డ్రాఫ్ట్ పంపినవాళ్లదే ఆ పని అని రాసి పెట్టాం. ఒకరిద్దరు నొచ్చుకున్నారు, నిజమే.

అన్నిటికంటే బరువైన మార్పు రివ్యూ టైమ్. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ చేసే మొజిల్లాలో తమ కంట్రిబ్యూటర్ల లెక్కలు చూసినప్పుడు, మొదటి ప్యాచ్‌కి (పంపిన కోడ్ మార్పుకి) 48 గంటల్లో రివ్యూ అందినవాళ్లు మళ్లీ రావడం బాగా ఎక్కువనీ, 7 రోజులు దాటితే దాదాపు ఎవరూ తిరిగి రాలేదనీ తేలింది. మాకు జీతం తీసుకునే మనుషులు లేరు, రెండు రోజుల్లో పూర్తి రివ్యూ మా వల్ల కాదు. అందుకని రివ్యూను, జవాబును విడదీశాం. "చూశాను, ఐడియా బాగుంది, వివరంగా వారాంతంలో చూస్తాను" అని వెంటనే ఎవరో ఒకరు రాస్తారు. ఆ వారాంతంలో చూడకపోతే మాత్రం పరువు పోతుంది, ఆ టెన్షన్ మాకుంది.

దీంట్లోనే ఇంకో చిక్కు. ప్రాజెక్టుకు కొత్తగా వచ్చినవాళ్ల పుల్ రిక్వెస్టుకు సీఐ దానంతటది నడవకుండా, మెయింటెయినర్ అనుమతి అడిగేలా, ప్రాజెక్టుల కోడ్ ఉంచే సైట్ గిట్‌హబ్ 2021లో మార్చింది. ఉచిత మెషీన్ల మీద క్రిప్టో మైనింగ్ చేసేవాళ్ల వల్ల వచ్చిన నిబంధన, తప్పు పట్టలేం. కానీ మేం బటన్ నొక్కేదాకా టెస్టులు పాస్ అయ్యాయో లేదో వాళ్లకు తెలియదు. ఇప్పుడు వేర్వేరు టైమ్‌జోన్లలో ఉన్న ముగ్గురికి ఆ హక్కు ఇచ్చాం. వాళ్లలో ఇద్దరు ఒకప్పుడు చిన్న ప్యాచ్‌తో వచ్చినవాళ్లే.

రిపీట్ అయ్యే ఈవెంట్ల భాగాన్ని ఇప్పటికీ నేను తప్ప ఎవరూ ముట్టుకోవడం లేదు. దాని గురించి నా బుర్రలో ఉన్నది కాగితం మీద పెట్టే పని సగంలో ఉంది.