ఇండియన్ అని కొడితే ఇండియానే వచ్చింది

కెనడాలో నేను చదివేది సప్లై చైన్. దాంతోపాటు బయటి సబ్జెక్టు ఒకటి తప్పనిసరి. నా షిఫ్టు టైమింగుకి కుదిరిందని అక్కడి ఆదివాసుల మీద ఉన్న సబ్జెక్టు తీసుకున్నాను. అంతకన్నా గొప్ప కారణమేమీ లేదు. అసైన్‌మెంట్‌కి అంశం భూమి. నాలుగు ఆధారాలు చూపించాలి. వాటిలో మూడు ఆదివాసులే రాసినవో తీసినవో అయుండాలి, ఒకటి సినిమా కావాలి. వాళ్ల గురించి బయటివాళ్లు రాసింది ఒకటికి మించి చెల్లదు.

గడువు ఇంకా ఐదు రోజులుంది. రాత్రి షిఫ్టు దిగొచ్చి కాలేజీ లైబ్రరీ కేటలాగులో 'ఇండియన్' అని కొట్టాను. భారత ఆర్థిక వ్యవస్థ, మసాలా వంటలు, మన రైల్వేల చరిత్ర... వీటన్నిటి మధ్యన, అక్కడి ఆదివాసుల మీద కెనడా 1876లో చేసిన ఇండియన్ యాక్ట్ అనే చట్టం గురించి ఒక పుస్తకం. రూమ్మేట్ తొంగిచూసి, "నువ్వూ ఇండియన్‌వే కదరా, నీ గురించి నువ్వే రాసేయ్, మూడు ఆధారాలూ కలిసొస్తాయి" అన్నాడు.

మర్నాడు సిగ్గు పక్కన పెట్టి లైబ్రేరియన్ దగ్గరికి వెళ్లాను. ఆవిడ నవ్వలేదు. ఆదివాసుల్ని 'ఇండియన్' అనడం ఇప్పుడు చాలామందికి నచ్చదనీ, కానీ చట్టం పేరు నేటికీ అదేననీ, కేటలాగుల్లో దశాబ్దాలపాటు 'ఉత్తర అమెరికా ఇండియన్లు' అనే శీర్షిక కిందే పుస్తకాలు నమోదయ్యాయనీ చెప్పారు. అంటే ఎవరితోనూ అనకూడని మాటని సెర్చ్ పెట్టెలో మాత్రం కొట్టాలి! ఇండిజినస్ అని కొట్టినా సముద్రమే. ఫస్ట్ నేషన్స్, ఇన్యుయిట్, మెటీ అని మూడు వర్గాలు. ఒక్క ఫస్ట్ నేషన్స్‌లోనే ఆరు వందల పైచిలుకు సముదాయాలు. "ఏ నేషనో, అంటే ఏ తెగో, దాని పేరుతో వెతుకు" అన్నారు.

ఒజిబ్వే అనే నేషన్ పేరుతో వెతికాను. ఒజిబ్వే, ఒజిబ్వా, ఒజిబ్వేకే చివర ఇంకో రకం ఇంగ్లీషు అక్షరాలు, చిప్పెవా, వాళ్లు తమను తాము పిలుచుకునే అనిషినాబే... ఒక్కో స్పెల్లింగుకి ఒక్కో జాబితా. అరల దగ్గర ఇంకో తమాషా. ఈ99 అనే నంబరున్న అరల్లో తెగల పేర్లు అక్షర క్రమంలో ఉంటాయని చెప్పారు కదా అని 'ఓ' దగ్గర పావుగంట నిలబడ్డాను. పుస్తకాలు 'సీ' దగ్గరున్నాయి, చిప్పెవా అన్న పేరు మీద. పైగా ఆ వరుసంతా అమెరికా చరిత్ర విభాగం. ఇవాళ బతికున్న మనుషుల వైద్యం, పంచాయితీలు కూడా చాలావరకు అక్కడే. 1970లలో కానవాగే అనే ఊరికి చెందిన, మోహాక్ నేషన్ లైబ్రేరియన్ బ్రయన్ డీర్ దీంతో విసిగి వేరే వర్గీకరణే తయారుచేశారట. వాంకూవర్‌లో బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీలోని ఆదివాసీ లైబ్రరీ దాన్ని మార్చుకుని వాడుతోంది. మా కాలేజీలో పాతదే.

రాసినవాళ్లు ఎవరో తెలుసుకోవడం అనుకున్నంత కష్టం కాలేదు. వెనక అట్ట మీద రచయిత పేరు పక్కన చాలాసార్లు నేషన్ పేరు ఉంటుంది. అది లేకపోతే ఇంకోచోట వెతికి చూసుకోవాల్సిందే. అలా రెండు దొరికాయి.

సినిమా మాత్రం ఇంట్లోనే చూశాను. కెనడా ప్రభుత్వ సంస్థ నేషనల్ ఫిల్మ్ బోర్డు సైటులో ఆదివాసీ దర్శకుల సినిమాలు బోలెడు, ఉచితం. అబెనాకి నేషన్ దర్శకురాలు అలానిస్ ఒబొంసవిన్ 1993లో విడుదల చేసిన డాక్యుమెంటరీ పెట్టాను, కానెసతాకే అనే మోహాక్‌ల ఊరి మీద తీసింది. 1990లో ఓకా అనే ఊరి గోల్ఫ్ మైదానాన్ని మోహాక్‌ల పైన్ తోపులోకి, వాళ్ల శ్మశానం వైపుకి పెంచబోతే 78 రోజులు సాగిన ప్రతిఘటన అది. కెమెరా అడ్డుగోడల లోపలి వైపు ఉంది. ఒక చేత్తో నోట్సు, ఒక చేత్తో పప్పన్నం అనుకున్నాను. అన్నం చల్లారిపోయింది, నోట్సూ రాయలేదు.

చివరి చిక్కు రిఫరెన్సులు. క్లాసుకి వచ్చిన ఆదివాసీ పెద్దాయన చెప్పిన మాటలు వాడుకున్నాను. ఆధారాలు రాసే మామూలు పద్ధతి ఏపీఏలో నోటిమాట అంటే వ్యక్తిగత సంభాషణ, చివరి జాబితాలో చోటుండదు. ఎడ్మంటన్‌లోని నార్‌క్వెస్ట్ కాలేజీలో క్రీ నేషన్‌కి చెందిన లైబ్రేరియన్ లొరీసియా మక్లౌడ్ దీనికి ఒక నమూనా రూపొందించారు. పెద్దల పేరు, నేషన్, ఒప్పంద ప్రాంతం (ప్రభుత్వంతో చేసుకున్న ఒప్పందం కిందికొచ్చే నేల), విషయం రాసి పుస్తకాల సరసనే పెట్టొచ్చు. మా లైబ్రేరియన్ దాని ప్రింటు తీసిచ్చారు.

అసైన్‌మెంట్ పంపేశాక ఊరికే అదే పెట్టెలో 'కోయ' అని కొట్టాను. మాది భద్రాచలం దగ్గర. మన ఆదివాసుల మీద పరిశోధించిన హైమెన్‌డార్ఫ్ పేరు వచ్చింది, ఇంకొందరు ప్రొఫెసర్లు వచ్చారు. కోయలు రాసింది కనబడలేదు. స్కూల్లో నా పక్క బెంచీవాడికి వాట్సాప్ చేశాను: "మీవాళ్లు మిమ్మల్ని మీరు ఏమని పిలుచుకుంటార్రా?"

"కోయతూర్" అని పెట్టాడు. కాసేపటికి ఇంకోటి: "ఐదేళ్లు పక్కనే కూర్చున్నావ్. కెనడా వెళ్లి అడుగుతున్నావేంట్రా?"