ఇసుకలో ఆగిన నలుపు

విమానాశ్రయ తనిఖీలో నా చేతిసంచిలోని పావులీటరు సీసాను పక్కన పెట్టినప్పుడు, అది పరిశోధన కోసం తీసుకువెళుతున్న భూగర్భజలమని ఎంత చెప్పినా ఫలితం లేకపోయింది. చేతిసంచిలో ఏ ద్రవమూ 100 మిల్లీలీటర్లకు మించిన సీసాలో ఉండకూడదన్న నిబంధన నాకు తెలియనిది కాదు. పెద్ద పెట్టెలో పెడితే పగులుతుందేమోనన్న భయంతో దగ్గర ఉంచుకున్నాను. రెండు వారాలు చల్లగా భద్రపరచిన నమూనా చెత్తబుట్టలో పడింది, విమానం దిగేవరకూ ఆ బాధ వదలలేదు.

వెళుతున్నది పర్యావరణ నానో సాంకేతికతను వివిధ దేశాల విద్యార్థులు కలిసి నేర్చుకునే శిబిరానికి. ఎవరి ప్రాంతపు నీటిని వారు తెచ్చి, అందరూ ఒకే పద్ధతిలో పరీక్షించడం అక్కడి ప్రధానమైన పని. మొదటి రెండు రోజులూ ఉపన్యాసాలతో గడిచిపోయాయి.

మూడో రోజు నాలుగు దేశాలకు చెందిన నలుగురం ఒక బల్ల దగ్గర చేరాము. నైట్రోజన్ పంపి ఆక్సిజన్‌ను తొలగించిన నీటిలో ఫెర్రిక్ క్లోరైడ్ కరిగించి, సోడియం బోరోహైడ్రైడ్‌ను చుక్కచుక్కగా కలుపుతుంటే, పసుపుపచ్చని ద్రావణం చూస్తుండగానే కాటుకలా నల్లబడి హైడ్రోజన్ బుడగలు లేచాయి. ఆ నలుపే ఇనుము నానో కణాలు, అంటే కంటికి విడిగా కనిపించనంత సూక్ష్మమైన ఇనుప రేణువులు. లోహాల జిడ్డు వదిలించడానికి వాడే ట్రైక్లోరోఇథిలీన్ వంటి క్లోరిన్ ద్రావకాలతో చెడిపోయిన భూగర్భజలంలోకి వీటిని పంపితే, ఇనుము ఎలక్ట్రాన్లను ఇచ్చి ఆ అణువులనుంచి క్లోరిన్‌ను విడగొడుతుందని రెండేళ్ళుగా నేను అందరికీ చెబుతున్నాను. కానీ కాలుష్యం ఉన్న చోటికి కణం చేరాలి కదా!

అది చూడటానికి నేల పొరకు బదులుగా ఇసుక నింపిన మూరెడు గాజు గొట్టంలో పోస్తే, నలుపు పైన నాలుగు వేళ్ళ మందాన పట్టీలా నిలిచిపోయింది. అయస్కాంత గుణం వల్ల కణాలు ఒకదానికొకటి అంటుకుని గుంపులు కడతాయి. కణాలకు రుణావేశాన్నిచ్చి ఒకదాన్నొకటి నెట్టుకునేలా చేసే కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ అనే జిగురు పదార్థంతో పూత ఇచ్చాక కొద్ది నిమిషాల్లోనే నల్లని ధార అడుగుకు దిగింది. నా సంతోషం ఇంకా తీరకముందే పక్కనున్న అమ్మాయి, "మీ నీళ్ళలో కాల్షియం ఎంత?" అని అడిగింది. ఆ ప్రశ్న ఇదివరకు నన్నెవరూ అడగలేదు.

ఆమెది సున్నపురాతి నేల, అక్కడి నీటిలో కాల్షియం ఎక్కువ. పెట్టెలో జాగ్రత్తగా తెచ్చుకున్న తన నీటితో అదే ప్రయోగం చేస్తే, పూత ఉన్నా నలుపు గొట్టం సగంలోనే ఆగిపోయింది. రెండు ధనావేశాలున్న కాల్షియం అయాన్లు కణాల మీది రుణావేశాన్ని కప్పి, వాటి మధ్య వికర్షణను తగ్గిస్తాయని చదివాను. మా ప్రయోగశాలలో ఎప్పుడూ అయాన్లు తీసేసిన నీరే వాడతాము గనుక కళ్ళారా చూడటం అదే మొదటిసారి.

నా నీరు లేకపోయినా విశ్లేషణ పత్రం ఫోనులో ఉంది. ఆ అంకెల ప్రకారం కాల్షియం క్లోరైడ్, మెగ్నీషియం సల్ఫేట్, సోడియం బైకార్బనేట్ తూచి కలిపి, రాత్రి పొద్దుపోయేవరకూ నలుగురం కూర్చుని మా ఊరి నీటికి దగ్గరగా ఉండే నీటిని తయారుచేశాము. అందులో నలుపు అడుగుకు జానెడు పైనే ఆగింది. ఆగిన చోట ఆ అమ్మాయి గాజు మీద గీత గీసి తేదీ వేసింది.

తిరుగు ప్రయాణంలో నా సంచిలో సీసా లేదు, నలుగురి నీళ్ళ అంకెలు రాసుకున్న ఒక కాగితం ఉంది. దిగగానే పాత ప్రయోగాలన్నీ ఆ నాలుగు నీళ్ళతో మళ్ళీ మొదలుపెట్టాను.