వద్దులే అక్కా అనకండి

"వద్దులే అక్కా, నాది బాగోలేదు. కింది ఆకులన్నీ నల్లబడ్డాయి." ఆ అమ్మాయి కుండీని మళ్ళీ అట్టపెట్టెలో పెట్టేస్తోంది. ఇవాళ నార్త్ కరోలినాలోని రాలీలో, పురుగుల్ని తినే మొక్కలు పెంచే మా క్లబ్ షోలో, ఎంట్రీ బల్ల ముందే.

ఆగమని చూశాను. డ్రాసెరా కేపెన్సిస్, జిగురుతో పురుగుల్ని పట్టే మొక్క. ప్రతి నూగు కొసనా జిగురు చుక్క తళతళలాడుతోంది. ఒక ఆకు చిన్న దోమని పట్టుకుని, చివర మెలిక తిరిగి ఉంది. కింది ఆకులు నల్లబడడం జబ్బు కాదు, పాతవి పోయి కొత్తవి రావడమే. జిగురు అంత బాగా ఉందంటే ఎండా నీళ్ళూ చక్కగా అందుతున్నట్టే!

పట్టుబట్టి పెట్టించాను. పెద్ద పెద్ద సారసీనియాలు (గొట్టాల్లాంటి ఆకుల్లో పురుగుల్ని పట్టే మొక్కలు) పక్కనే ఉన్నా పిల్లలు ఈ దోమ దగ్గరే గుమిగూడారు.

వాళ్ళమ్మలేమో "కుళాయి నీళ్ళు పోయొచ్చా?" అని అడిగారు. వద్దు, లవణాలు పేరుకుని వేర్లు పాడవుతాయి, వాన నీళ్ళో డిస్టిల్డ్ వాటరో పోయాలని ఆ అమ్మాయే చెప్పింది. పెంచినవాళ్ళ నోట వింటే ఆ నమ్మకమే వేరు.

ఇంకోటి. ఆకుల్ని నోరులా మూసి పురుగుల్ని పట్టే వీనస్ ఫ్లైట్రాప్ అడవిలో సహజంగా పెరిగేది ఈ నార్త్, సౌత్ కరోలినాల్లోనే. దొంగతనంగా పెరికేస్తున్నారని నార్త్ కరోలినాలో 2014 నుంచి అలా పెరకడాన్ని పెద్ద నేరంగా లెక్కిస్తున్నారు. ఇంట్లో పిలకలు విడదీసి పెంచినవి బల్ల మీద కనబడితేనే కదా, అడవి జోలికి పోనక్కర్లేదని తెలిసేది.

వచ్చే షోకి మీ కిటికీలో ఉన్నదే తెండి. కుండీ తుడిచి, పేరు చీటీ గుచ్చితే చాలు. కారులో ఒరిగిపోకుండా పెట్టె కావాలంటే నన్నడగండి, ఇస్తాను.